పత్తి కోసం గీసిన గీత

2014లో రాష్ట్రం రెండయినప్పుడు భద్రాచలం దగ్గర గీత ఎక్కడ గీయాలన్న గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పోలవరం ముంపు లెక్కన ఏడు మండలాల నేల ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. రాములవారి గుడి తెలంగాణలో మిగిలింది. గుడి భూముల్లో పెద్ద భాగం పురుషోత్తపట్నంలో ఉండడంతో అవి సరిహద్దుకు అవతల పడ్డాయి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాదేనని ఒక పక్షం వాదించింది. గుడి కట్టించిన కంచర్ల గోపన్న ఎవరి కొలువులో ఉద్యోగం చేశాడో చెప్పమని రెండో పక్షం నిలదీసింది. తమాషా ఏమిటంటే రెండూ నిజమే. గోల్కొండ నవాబుల కిందా, తరవాత నిజాం కిందా ఉన్న ఊరు మద్రాసు రాష్ట్రంలోకి ఎప్పుడు, ఎందుకు జారిందన్న ప్రశ్న మీద మాత్రం ఎవరూ పెద్దగా ఆగలేదు. ఆగి ఉంటే చర్చ మాంచెస్టర్ దాకా వెళ్లాల్సి వచ్చేది. టీవీ వాళ్లకు అంత వ్యవధి ఎక్కడిది!

జవాబు 1860 డిసెంబరులో నిజాం అఫ్జలుద్దౌలాకూ ఇంగ్లీషు ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందంలో ఉంది. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచినందుకు నిజాంకు ఇచ్చిన బహుమానంగానే ఆ ఒప్పందాన్ని మామూలుగా చెప్పుకుంటాం. 50 లక్షల అప్పు మాఫీ అయింది. రాయచూరు దోఆబ్, ధారాశివ్ ప్రాంతం తిరిగొచ్చాయి. తిరుగుబాటు చేసి పోయిన సురపురం సంస్థానం కూడా చేతికి వచ్చింది. ఇంత ఇచ్చి ఇంగ్లీషు వాళ్లు పుచ్చుకున్నది చూడడానికి చిన్నదే. గోదావరికీ వైనగంగకూ ఎడమ గట్టున నిజాంకు ఉన్న నేలంతా వాళ్లదయింది, ఆ నదుల మీద నడిచే సరుకుకు సుంకం లేకుండా పోయింది. సిరొంచ, భద్రాచలం ఆ లెక్కలోనే నిజాం చేయి దాటాయి.

అడవీ కొండా తప్ప మరేమీ కనిపించని ఆ గట్టు మీద మోజు ఎందుకు? దానికి అప్పట్లో సరుకు ఎలా నడిచేదో కొంచెం తెలియాలి.

దక్కనులో దూరాభారపు సరుకంతా ఎద్దు వీపు మీదే నడిచేది. లంబాడీలు వేల ఎద్దులను తోలుకుంటూ తీరం నుంచి ఉప్పు పైకి తెచ్చేవారు, పై నుంచి ధాన్యమో పత్తో కిందికి దించేవారు. ఎద్దు రోజుకు నడిచేది కొన్ని కోసులే. మధ్యలో మేత కావాలి, నీళ్లు కావాలి. కరువు సంవత్సరం ఆ రెండూ లేకపోతే తిండిగింజలు ఒక తాలూకాలో మురుగుతుంటే పక్క తాలూకాలో జనం చచ్చేవారు. పత్తి సంగతి ఇంకా ఘోరం. పత్తి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. వదులుగా కుక్కిన బోరాలు దుమ్ము పడుతూ, వాన వస్తే తడుస్తూ, దిగిన చోటల్లా మట్టి అంటించుకుంటూ వారాల తరబడి నడిచేవి. రేవులో ప్రెస్సులో పెట్టి బేళ్లు కట్టేసరికి అందులో పత్తి ఎంతో మట్టి ఎంతో కొనేవాడికి తెలియదు. ఆ ప్రెస్సు ఏదో పండే చోటే పెట్టుకోవచ్చు కదా అంటారా? అంత బరువైన ఇనప యంత్రం ఎద్దు వీపు మీద వెళ్లదు, రోడ్డు కావాలి. తగినంత సరుకు నడుస్తుందని తేలితే గాని ప్రభుత్వం రోడ్డు వేయదు. రోడ్డు పడితే గాని సరుకు నడవదు. ఈ చిక్కుముడి మీద ఇరవయ్యేళ్ల పాటు కాగితాలు నడిచాయి. ఎద్దులు కూడా నడిచాయనుకోండి.

అందరి సరుకూ ఇలా చిక్కుపడలేదు. బీదర్ పనివాళ్ల నల్లటి బిద్రీ సామాను 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లింది. వెండి తీగ పొదిగిన హుక్కా కుండకు కిరాయి ఎంతయినా ధరలో అది కనిపించదు. చవక సరుకుకే దారి కావాలి. చవక సరుకు అమ్ముకునేవాడికి దర్బారులో గొంతు ఉండదన్నదే అసలు చిక్కు.

చవక సరుకు కొనుక్కునేవాడికి మాత్రం గొంతు ఉంది. లాంకషైర్ మిల్లులు తినే పత్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, బానిసల చేత పండించినది వచ్చేది. ఆ ఒక్క దారి ఎప్పటికైనా మూసుకుపోతుందన్న భయం మాంచెస్టర్ వర్తకులకు 1840ల నుంచీ ఉంది. వాళ్ల మనిషి జాన్ బ్రైట్ పార్లమెంటులో పట్టుబట్టి 1848లో ఇండియా పత్తి మీద ఒక సెలెక్ట్ కమిటీ వేయించాడు, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. 1850లో ఇండియాకు విచారణ సంఘాన్ని పంపమన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయితే మేమే పంపుకుంటామని మాంచెస్టర్ చాంబర్ ఆఫ్ కామర్స్ మరికొన్ని ఊళ్ల చాంబర్లతో కలిసి అలెగ్జాండర్ మెకే అనే పత్రికా రచయితను 1851లో పంపింది. అతను పశ్చిమ ఇండియా అంతా తిరిగి, జబ్బుపడి, 1852లో తిరుగు ప్రయాణంలో ఓడలోనే పోయాడు. రాసిపెట్టుకున్నది మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చింది. 1857లో కాటన్ సప్లై అసోసియేషన్ అని ఒక సంఘం పుట్టింది. దానికి సొంత పత్రిక, పార్లమెంటులో సొంత మనుషులు, ఇండియా మంత్రి గుమ్మం ముందు ఎప్పటికప్పుడు ఒక ప్రతినిధి బృందం. పలుకుబడితో పని చేయించుకోవడానికి ఇవాళ వాడే సరంజామా అంతా అప్పటికే సిద్ధం. కొత్తగా మనం చేర్చింది ఫొటో ఒక్కటే.

ఇక్కడొక విడ్డూరం ఉంది. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న సిద్ధాంతానికి పుట్టిల్లు మాంచెస్టరే. ధాన్యం మీద సుంకం ఎత్తేయించింది వీళ్లు. ఫ్యాక్టరీ పనిగంటలకు చట్టం పెడతానంటే విరుచుకుపడింది వీళ్లలోని పెద్దలే. అదే మనుషులు గోదావరి దగ్గరికి వచ్చేసరికి కాలువలు ప్రభుత్వమే తవ్వాలి, రోడ్లు ప్రభుత్వమే వేయాలి, రేవులు ప్రభుత్వమే కట్టాలి అన్నారు. మీకు అంత అవసరమైతే మీ ఏజెంట్లను పంపి, రైతుకు మంచి ధర ఇచ్చి, మీ డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు కదా అన్నది అధికారుల ఎదురు వాదన. 1859 నుంచి ఇండియా మంత్రిగా ఉన్న చార్లెస్ వుడ్‌కు ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరి జేబు నుంచీ డబ్బు కదలలేదు.

ఇదే కాలంలో మరో వర్తకుడు కూడా పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. ఆయన మనవాడు. గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం వాడు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఈస్టిండియా కంపెనీ చార్టరు మళ్లీ పార్లమెంటు ముందుకు వచ్చే వేళ చూసి ఆ సంఘం పంపిన అర్జీలో ఫిర్యాదులు పొడవుగా ఉన్నాయి. పన్ను భారం, వసూళ్లలో హింస, కోర్టుల జాప్యం, ఖర్చు. కావలసినవేమిటన్న దగ్గర జాబితా పొట్టిది. రోడ్లు, వంతెనలు, నీటి వసతులు, చదువు.

రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మాంచెస్టర్ అడిగింది పొలం నుంచి ఓడకు ఒక దారి. మద్రాసు అడిగింది ఊరి నుంచి ఊరికి దారులు, వాటితో పాటు చెరువులో నీళ్లు, బడిలో పంతులు. మొదటిది సరుకు బయటికి పోవడానికి. రెండోది బయటికి పోవడానికీ, లోపల తిరగడానికీ, కరువులో గింజలు రావడానికీ. చెట్టిగారి అర్జీ పూర్తిగా వృథా కాలేదు. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చి ఆయనతో కలిసి జిల్లాలు తిరిగి, పన్ను వసూళ్లలో హింస కళ్లారా చూశాడు. దాని మీద ఒక కమిషన్ పడి, 1855లో నివేదిక ఇచ్చి, ఆరోపణ నిజమేనని తేల్చింది. రోడ్లూ వంతెనల సంగతికి మాత్రం అంత తొందర ఎవరికీ కలగలేదు. ఓటు లేనివాడి అర్జీ జాలి పుట్టించగలదు, బడ్జెట్టును కదిలించలేదు. చెట్టిగారు ఉన్నదంతా పత్రికకూ సంఘానికీ పోసి 1868లో పేదవాడిగా పోయారు.

ఈ మధ్యలోకి ఆర్థర్ కాటన్ వస్తాడు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు చెప్పడం కష్టం, కాబట్టి పరిచయం అక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. దాని కాలువలు పొలం తడపడానికే కాదు, పడవలు నడవడానికి కూడా అనువుగా తవ్వారు. లాకుల గుండా రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, బెజవాడ నీటి మీదే కలిశాయి. ధాన్యం, నూనెగింజలు, కలప, పెళ్లివారు అన్నీ వాటి మీదే వెళ్లేవి. పక్కనున్న కోరంగి రేవు పూడిపోతుంటే కాకినాడ పెరిగింది, 1868 నాటికి అక్కడ వర్తకులకు సొంత చాంబర్ ఆఫ్ కామర్స్ కూడా ఏర్పడింది. నీటి రవాణా రైలు కంటే ఎన్నో రెట్లు చవకని కాటన్ జీవితాంతం వాదించాడు. డెల్టా వరకు ఆ వాదన తప్పని ఎవరూ అనలేరు.

ఆయన అక్కడితో ఆగలేదు. ధవళేశ్వరం నుంచి పాపికొండల గుండా పైకి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి, అక్కడి నుంచి వార్ధాలోకి పడవ తీసుకెళ్లగలిగితే బేరార్, నాగపూరు నల్లరేగళ్ల పత్తి నీటి మీదే కాకినాడ చేరుతుంది. 1853లో నిజాం నుంచి బేరార్ పాలన గవర్నర్ జనరల్ డల్హౌసీ చేతికి వచ్చింది, 1854లో వారసుడు లేడని నాగపూరును కలిపేసుకున్నాడు. ఆ నేలలో పండే పత్తి ఇంగ్లండుకు ఎంత మేలో ఆయన అధికారిక కాగితంలోనే దాపరికం లేకుండా రాశాడు. అంటే పొలం చేతికొచ్చింది, మధ్యలో నది ఉంది, చివర రేవు ఉంది. మాంచెస్టర్‌కు కావలసిన ఇంజనీరు దొరికాడు, కాటన్‌కు కావలసిన గొంతు దొరికింది. కాటన్‌కు నీటి మీద భక్తి, మాంచెస్టర్‌కు బేళ్ల మీద. అప్పటికి ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

నదిలో అడ్డంకులు మూడు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గరి రాతి బండలు, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ప్రతి చోటా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవను పైకి ఎక్కించాలి. హేగ్ అనే ఇంజనీరు సర్వే చేశాడు. ఇక గట్ల సంగతి. ఒక గట్టు నిజాందైతే ప్రతి ఆనకట్టకూ దర్బారు అనుమతి కావాలి, ప్రతి మలుపులోనూ సుంకం చౌకీ ఉంటుంది. పెట్టుబడి పెట్టేవాడికి నచ్చని విషయాల్లో సుంకం చౌకీది మొదటి స్థానం. 1860 ఒప్పందంలో ఎడమ గట్టు ఎందుకు చేరిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ గట్టు మీది తాలూకాలను సిరొంచ ముఖ్యపట్టణంగా 'అప్పర్ గోదావరి' జిల్లా చేసి, కొద్ది రోజుల్లోనే ఏర్పడ్డ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. ఇలా భద్రాద్రి రాముడు నాగపూరు కచేరీ కిందికి వెళ్లాడు.

ఇది ఒంటరి ఉదాహరణ అనుకోకండి. ధార్వాడ పత్తిని కార్వార్ పక్కనున్న సదాశివగడ్ రేవు నుంచి ఎగుమతి చేయాలని 1860లో పుట్టిన మాంచెస్టర్ కాటన్ కంపెనీ పట్టుపట్టింది. పత్తి పండే ధార్వాడ బొంబాయి రాజధానిలో ఉంది, రేవు మద్రాసు రాజధానిలో ఉంది. మద్రాసు వాళ్లు తమకు పత్తి రాని రోడ్డు మీద ఎందుకు ఖర్చు పెడతారు? ఒత్తిడి పెరిగి 1862లో ఉత్తర కెనరా జిల్లానే మద్రాసు నుంచి తీసి బొంబాయికి ఇచ్చేశారు. కంపెనీ మాత్రం కొద్ది ఏళ్లకే దుకాణం కట్టేసింది. జిల్లా సరిహద్దు అలాగే ఉండిపోయింది. వర్తకుల ఒత్తిడికి సరిహద్దు జరపడం సులువు, అది కాగితం మీద పని. రోడ్డు వేయడమే కష్టం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది, మాంచెస్టర్ భయపడ్డదే జరిగింది. అమెరికా రేవులు దిగ్బంధమయ్యాయి. లాంకషైర్‌లో మిల్లులు మూతపడి లక్షల మంది రోడ్డున పడ్డారు. ఇండియా పత్తి ధర ఆకాశానికి అంటింది. ఇంగ్లండు కొనే పత్తిలో సగానికి పైగా ఇక్కడి నుంచే వెళ్లిన సంవత్సరాలు అవి. అంత కరువులోనూ దేవుడా పత్తి పంపు గాని సూరత్ పేరుతో వచ్చే ఇండియా పత్తి మాత్రం వద్దని లాంకషైర్ కూలీ ఒకడు ప్రార్థించాడని ఒక కథ చెప్పుకునేవారు. మన పత్తి పోగు పొట్టిది, అక్కడి మగ్గాల మీద ఊరికే తెగేది. దారి బాగు చేస్తే పత్తి వస్తుందని ఇరవయ్యేళ్లు వాదించిన వర్తకులు చెప్పని ముక్క ఇదే. వాళ్లకు మన పత్తి ఇష్టం లేదు, గతి లేనప్పుడే కావాలి. గోదావరి పక్కన నిలబడ్డ ఇంజనీరుకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

దుమ్ముగూడెంలో పని మొదలైంది. అడవి జ్వరాలు, కలరా, దొరకని కూలీలు, వరదకు కొట్టుకుపోయే కట్టలు. మొదటి అడ్డంకి దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు చాలావరకు తయారయ్యాయి. కొసమెరుపు ఏమిటంటే, ఏ పడవల కోసం ఇదంతా చేశారో వాటికి నది నిండుగా ఉండేది వానాకాలం, ఆ వెంటనే వచ్చే కొద్ది నెలలు. బేరార్ పత్తి ఏరేది, ఏకేది, అంగడికి వచ్చేది చలికాలం నుంచి ఎండాకాలం దాకా. సరుకు సిద్ధమయ్యేసరికి నీరు తీస్తుంది, నీరు వచ్చేదాకా సరుకు గోదాములో కూర్చోవాలి. గోదాములో కూర్చున్న పత్తి అంటే వడ్డీ తింటూ కూర్చున్న పత్తి. ఏడాది పొడవునా నీళ్లు నిలిచేలా ఎగువన జలాశయాలు కడితే సరిపోతుందన్నది కాటన్ పక్షం జవాబు. సరే, కాని ఆ ఖర్చు మొదటి అంచనాలో లేదు. అంచనాల్లో లేనివి పనిలో బయటపడడం మన ఇంజనీరింగు చరిత్రలో ఆ ఒక్కసారే జరిగిందని నేను అనబోవడం లేదు.

ఇంతలో బొంబాయి పక్షం ఊరుకోలేదు. బేరార్ పత్తి మీద వాళ్ల కన్ను అంతకుముందే పడింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేకు ఆలోచన పోసిన జాన్ చాప్‌మన్ 1845లోనే ఇండియా వచ్చి, కనుమల దారుల్లో సరుకు ఎంత నడుస్తోందో అంకెలు పోగు చేసుకుని వెళ్లాడు. బొంబాయి వర్తకులు జగన్నాథ్ శంకర్‌శేఠ్, జంషెడ్‌జీ జీజీభాయ్ ఆ రైలు ప్రయత్నం వెనక నిలబడ్డారు. 1853లో ఠాణా దాకా వెళ్లిన రైలు 1867లో నాగపూరు చేరింది. ఏ నెలలోనైనా నడుస్తుంది, కొన్ని రోజుల్లో ఓడ పక్కకు చేరుస్తుంది. అప్పటికి అమెరికా యుద్ధం ముగిసి రెండేళ్లయింది, పత్తి ధర కుప్పకూలింది, బొంబాయిలో పత్తి డబ్బుతో ఉబ్బిన కంపెనీలు పేలిపోయాయి. మాంచెస్టర్ మళ్లీ అమెరికా వైపు తిరిగింది. గుమ్మం ముందు ప్రతినిధి బృందాలు పలచబడ్డాయి. 1871 అక్టోబరులో గోదావరి పని ఆపేశారు. అప్పటికి ఖర్చు దాదాపు 7 లక్షల పౌన్లు, అంటే ఆనాటి లెక్కన 70 లక్షల రూపాయలు.

పత్తి పడవల కోసం పుట్టిన జిల్లాకు ఇక పని లేకపోయింది. మూడేళ్లకే, 1874లో, అప్పర్ గోదావరిని విడగొట్టి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసుకు ఇచ్చి గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మానికి, 2014లో కొంత మళ్లీ అవతలికి. దుమ్ముగూడెంలో మిగిలినవి ఆనకట్ట, పక్కన పాడుబడ్డ కాలువ, హేగ్ చొరవతో వచ్చిన క్రైస్తవ మిషన్. ఆనకట్ట ఊరికే పోలేదు. దాని ఎగువ నీటిని ఎత్తి పొలాలకు ఇవ్వడానికి ఇప్పుడు సీతారామ ఎత్తిపోతల పథకం వచ్చింది. పత్తికి కట్టినది, నూటయాభై ఏళ్ల తరవాత వరికి.

ఆ 70 లక్షలు ఎవరివి? మాంచెస్టర్‌వి కావు. ఇక్కడి భూమిశిస్తువి, ఉప్పు పన్నువి. అడిగినవాడు ఒకడు, కట్టినవాడు ఇంకొకడు, గట్టు మీద బతికేవాడు మూడోవాడు. ఆ మూడోవాడైన కోయ రైతును ఎవరూ ఏమీ అడగలేదు. రాయలసీమవాళ్లకు తెలిసిన కర్నూలు-కడప కాలువ కథా దీనికి దగ్గరి చుట్టమే. 1858లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి 10 లక్షల పౌన్ల మీద 5 శాతం రాబడి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా వాటాదారుకు 5 శాతం. కంపెనీ డబ్బు చాలక మళ్లీ ప్రభుత్వం దగ్గరే అప్పు చేసింది, చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. లాభం వస్తే ప్రైవేటు, నష్టం వస్తే ప్రజలది అనే పద్ధతి నిన్నా మొన్నా కనిపెట్టింది కాదు.

నిజాం రాజ్యంలో సంగతి మరీ విచిత్రం. అక్కడి వర్తకుడికి మాంచెస్టర్ పార్లమెంటూ లేదు, మద్రాసు సంఘమూ లేదు. 1874లో వాడి జంక్షన్ నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. అందులో ఇంగ్లీషు వాళ్ల ఆసక్తి సికింద్రాబాదు దండుకు సైన్యం త్వరగా చేరడం మీద. ఖర్చు నిజాం ఖజానాది. 1883లో దాన్ని తూర్పుకూ, చాందా వైపుకూ పొడిగించే పథకం లండన్ కంపెనీకి హామీతో సహా కట్టబెడుతుంటే, షరతులేమిటో బయటపెట్టమని హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్లు అడిగారు. వాళ్లలో ముఖ్యుడు అఘోరనాథ్ చటోపాధ్యాయను, సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచే పంపించేశారు. లెక్క చూపించమన్నందుకు దేశం దాటించిన ప్రభుత్వం దగ్గర బీదర్ కోమట్లో లింగాయతు వర్తకులో రైలు అడుగుతారని ఎలా అనుకుంటాం? తాండూరు, వికారాబాదు మీదుగా వాడి-హైదరాబాదు లైను బీదర్‌ను పక్కన వదిలేసి పోయింది. బొంబాయి-మద్రాసు లైను 1871కే రాయచూరులో కలిసింది, అదీ గుల్బర్గా మీదుగా వెళ్లింది. రెండు రైళ్ల మధ్య ఎర్రమట్టి పీఠభూమి మీద బీదర్ వికారాబాద్ లైను కోసం 1930 దాకా ఆగింది. గుల్బర్గాకు నేరుగా లైను 2017 అక్టోబరు 29న మొదలైంది.

ఇప్పుడు బీదర్ నుంచి ఔరాద్, దెగ్లూర్ మీదుగా నాందేడ్‌కు కొత్త లైను కావాలని అటూ ఇటూ వర్తకులు, నాయకులు చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. బీదర్ దాటగానే ఔరాద్ రోడ్డు మీద వచ్చే జనవాడ లాంటి ఊళ్లు ఆ దారిలోవే. కన్నడ, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగూ మాట్లాడే ఆ ఊళ్లలో కందులు, సోయా, చెరకు పండుతాయి. జహీరాబాదుకో హైదరాబాదుకో లారీలే దిక్కు. ఈసారి అడిగేవాళ్లకు ఓటు ఉంది, ప్రతినిధి ఉన్నాడు, ఫొటో కూడా ఉంది.

ఆ అర్జీ మీద సంతకం చేసేవాళ్లకు ఒక మనవి. చాప్‌మన్ 1845లో చేసిన పని మీరూ చేయండి. ఏ సంత నుంచి ఏ నెలలో ఎన్ని క్వింటాళ్లు ఎటు వెళ్తున్నాయో, క్వింటాలుకు లారీ కిరాయి ఎంత పడుతోందో, హైదరాబాదు ఆస్పత్రులకూ కాలేజీలకూ రోజూ ఎంతమంది బస్సెక్కుతున్నారో ఊరూరా రాసి అర్జీకి జతపరచండి. ఆ లెక్క కన్నడంలో, తెలుగులో పంచాయతీ గోడకు కూడా అంటించండి.